చిట్టా, ఆవర్జా, చెల్లుచీటి

భద్రాచల రామదాసు కథ నెఱుగనివారు తెలుగునాట లేరు. కంచెర్ల గోపన్న గోలకొండ ప్రభుత్వము క్రింద పాల్వంచ ప్రాంతమునకు తహశీలుదారుగా నుండి, వసూలైన సర్కారు సొమ్మును భద్రాద్రిరామునకు గుడి కట్టుటకై వెచ్చించెను. ఖజానాకు చేరవలసిన పైకము చేరలేదు. గోపన్న గోలకొండ కోటలో చెఱబడెను. అటుపిమ్మటి కథ భక్తులు చెప్పుకొనునది. ఒకనాటి రాత్రి రామలక్ష్మణులు సేవకుల వేషమున తానీషా పడకయింటికి బోయి, ఆఱు లక్షల పైకము కుప్పగా పోసి, బాకీ తీఱినట్లు చీటి వ్రాయించుకొని, దానిని నిద్రించుచున్న గోపన్న తలాపున నుంచి మాయమైరట.

ఈ కథలో భక్తులు రాముని దయను చూతురు. లెక్కలు వ్రాయువానికి దానితోపాటు మఱియొకటియు కానవచ్చును. సొమ్ము చెల్లించినవాడు సాక్షాత్తు భగవంతుడే యైనను చెల్లుచీటి పుచ్చుకొనక వెడలిపోలేదు. ఈ కథను తరతరములుగా చెప్పుకొనిన జనులకు సర్కారుతోడి వ్యవహారము చక్కగా తెలియునని నాకు తోచును. సొమ్మిచ్చుట చాలదు. ఇచ్చినట్లు పుచ్చుకొన్నవాని చేవ్రాలు కావలెను. అది లేనిచో నిచ్చినదియు నియ్యనట్లే యగును.

చిన్న వర్తకుడు తన లెక్కను తానెట్లు వ్రాసికొనెను? సర్కారువా రతనిమీద పన్ను నెట్లు విధించిరి? ఈ రెంటికి నడుమ నతనికి సాక్ష్య మేది? ఈ మూడు ప్రశ్నలను పట్టుకొని మన దేశచరిత్రలో కొంతదూరము నడచుటయే నేటి ప్రసంగమున నా యుద్దేశము.

మొదట కొట్టులోనికి పోదము. కాగితము చౌకగా దొరకని కాలమున మన వర్తకులు కడితములమీద లెక్కలు వ్రాసెడివారు. గుడ్డకు బొగ్గుపొడియు చింతగింజల అంబలియు పట్టించి, నల్లగా నారనిచ్చి, మడతలుగా మడచినచో కడితమగును. దానిమీద బలపముతో వ్రాయుదురు. తుడిచి మరల వ్రాయుదురు. గ్రామకరణముల లెక్కలు తాటాకులమీద గంటముతో నుండెడివి. ఆ కట్టలకు కవిలెలని పేరు. ఆకుమీద గంటముతో గీచిన గీత చెఱగదు. గుడ్డమీది బలపపు వ్రాత చెఱగును. నాటిదినము గడచుటకు కడితము చాలును, నాలుగేండ్ల తరువాత తగవు వచ్చినప్పుడు మాత్రము చెఱగని వ్రాత యెవనియొద్ద నున్నదో వాని మాటయే చెల్లును.

కాగితపు పుస్తకములు వచ్చిన పిమ్మట వర్తకుని లెక్క రెండు పుస్తకములుగా కుదురుకొనెను. ఏనాటి వ్యవహార మానాడు వరుసగా వ్రాయునది చిట్టా. చిట్టాలోని పద్దులను మనిషివారీగా, సరకువారీగా విడదీసి యెక్కించునది ఆవర్జా. ఉగాదికో విజయదశమికో దీపావళికో కొత్త పుస్తకము తెఱచి, అంచులకు పసుపు పూసి, మొదట శ్రీకారము వ్రాసి పద్దు మొదలుపెట్టుట మన వర్తకుల ఆచారము. ధాన్యము కొలుచునప్పుడు ఒకటి యనుటకు మాఱుగా 'లాభము' అని, ఆపైని రెండు, మూడు అని లెక్కించుట అందఱును వినియే యుందురు.

ఈ లెక్క నడచు తీరు నొక చిన్న యుదాహరణముతో చెప్పెదను. అణాల కాలమునాటి యొక కిరాణాకొట్టు ననుకొనుడు. ఉదయమున పెట్టెలో నిన్నటి నిల్వ 12 రూపాయల 6 అణాలు. పగలు రొక్కపు అమ్మకము 9 రూపాయల 8 అణాలు. పాత బాకీదారుడొకడు తెచ్చియిచ్చినది 3 రూపాయలు. ఇదంతయు జమ, మొత్తము 24 రూపాయల 14 అణాలు. బెల్లము కొన్నది 7 రూపాయల 4 అణాలు, కూలివానికిచ్చినది 10 అణాలు, ఇంటిఖర్చునకు తీసినది 1 రూపాయి. ఇది ఖర్చు, మొత్తము 8 రూపాయల 14 అణాలు. జమలోనుండి ఖర్చు తీసివేయగా రాత్రి పెట్టెలో 16 రూపాయ లుండవలెను. వర్తకుడు పెట్టె బోర్లించి లెక్కపెట్టును. 16 రూపాయలున్నచో సుఖముగా నిద్రపోవును. పదునైదున్నర యున్నచో ఆ యర్ధరూపాయి యెక్కడ పోయినదో తెలియువఱకు దీప మార్పడు.

పిదప పద్దులు ఆవర్జాకెక్కును. బెల్లము ఖాతాలో నింత, ఫలానివాని ఖాతాలో నింత, ఇంటిఖర్చు ఖాతాలో నింత. ఈ కడపటి ఖాతా చాల ముఖ్యమైనది. కొట్టు తనదే, పెట్టె తనదే, అయినను తన యింటికి తీసికొన్న రూపాయిని సయితము మంచి వర్తకుడు పరాయివానికిచ్చినట్లే పద్దు వ్రాసెడివాడు. ఇల్లు వేఱు, కొట్టు వేఱు అను నీ నియమము తప్పినవానికి లాభనష్టములు తెలియవు. కొట్టు నష్టమున నడచుచున్నను ఇల్లు జరుగుచునే యుండును. కొట్టులోని సరకే కరగి యింటిఖర్చగుచున్నదని యతడు కనుగొనునప్పటికి అల్మారాలు ఖాళీయగును.

వర్తకుని లెక్క వర్తకునిచేతిలో నుండెను. రైతు లెక్కయో, కరణముచేతిలో నుండెను. రాజ్యము లెక్కలు కోరుట మనకు క్రొత్తగాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున లెక్కల కార్యాలయమునకు అక్షపటలమని పేరు. ఆషాఢమాసమున లెక్కలవారందఱును తమ పుస్తకములతో వచ్చి యప్పగింపవలెనని యందు నియమము కలదు. రాజద్రవ్యము నపహరించుటకు నలువది మార్గములున్నవని యా గ్రంథకర్త పేర్కొనెను. ఆషాఢమున లెక్క ముగించు నాచారము చిరకాలము నిలిచినదేమో యనిపించును. మద్రాసు రాజధానిలో ఫసలీ సంవత్సరము 1855 నుండి జూలై 1వ తేదీన మొదలగునట్లు ఏర్పఱచిరి. గ్రామమున పొలమెవరిది, శిస్తెంత, ఎంత చెల్లినది, ఎంత నిలిచినది అను సంగతులన్నియు కరణము కవిలెలో నుండెను. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు ఉద్యోగములను రద్దుచేయువఱకు ఈ యేర్పాటేదో యొక రూపమున సాగెను. కరణములలో న్యాయవర్తను లనేకులుండిరి. అయినను చదువురాని రైతు తన బాకీని తాను చదువుకొనలేడు. తన జీవితమునకు సంబంధించిన లెక్క తనయొద్ద లేకుండుట యెంతటి దుర్బలత్వమో తెలియవలెనన్నచో మొహతర్ఫా చరిత్ర చూడవలెను.

మొహతర్ఫా యనునది చేతిపనివారని యర్థమిచ్చు అరబ్బీ మాటనుండి పుట్టినది. పొలములేని వానినుండి పుచ్చుకొను పన్ను ఇది. సాలెవాని మగ్గముమీద, వడ్రంగి పనిముట్లమీద, కమ్మరి కొలిమిమీద, కోమటి కొట్టుమీద, సంతలో గంప పెట్టుకొని కూర్చున్నవానిమీద నీ పన్ను పడెను. పూర్వప్రభుత్వములనుండి కుంపిణీవారి కిది సంక్రమించెను. బెంగాలు, బొంబాయి రాజధానులలో నెత్తివేసిన తరువాతను మద్రాసు రాజధానిలో నిలిచియుండెను. కొన్నిచోట్ల వర్తకులందఱిమీదను ఒక మొత్తము వేసి వాటాలచొప్పున పంచెడివారు. వీసమనగా పదునాఱింట నొకవంతు గనుక అట్టి పంపకమునకు వీసబడి యని పేరు కలిగెను.

ఈ పన్నులోని దోషమేమి? ఇది ఆదాయము నడుగదు, సామానును చూచును. మగ్గమున్నదా, పన్నున్నది. ఆ మగ్గముమీద నేత సాగినదా, బట్ట అమ్ముడుపోయినదా యన్న ప్రశ్నయే లేదు. సీమబట్ట సంతలకు వచ్చి సాలెవాని బట్ట కొనువారు తగ్గిన దినములలోను మగ్గపు పన్ను తగ్గలేదు. వీసబడిలో నెవని వాటా యెంత యని నిర్ణయించుటకును పుస్తకము లక్కఱలేదు. ఊరిలో పలుకుబడిగలవాని మాట చాలును. పలుకుబడి లేనివాని వీసము పెరుగును.

1852లో చెన్నపట్టణమున నొక సంఘము పుట్టెను. మద్రాసు నేటివ్ అసోసియేషను దాని పేరు. స్థాపకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టి. ఈయన 1806లో జన్మించిన తెలుగువర్తకుడు; 1844లో క్రెసెంట్ అను ఆంగ్లపత్రికను నడపుటకు పూనుకొనినవాడు. ఆ సంఘమువారు బ్రిటిషు పార్లమెంటున కంపిన మహజరులో మొహతర్ఫాను గూర్చి విపులముగా వ్రాసిరి. పనివాడుపయోగించు మిక్కిలి చౌకయైన పనిముట్టు సయితము పన్ను తప్పించుకొనలేదనియు, ఆ పనిముట్టు వెలకంటె దానిమీది పన్ను తఱచుగా ఆఱురెట్లుండుననియు నందు మొఱపెట్టుకొనిరి. వర్తకుడు వ్రాసిన మహజరు గనుకనే ఈ యంకె యందు చోటుచేసికొనినది. బాధను బాధగా చెప్పుట యొకటి. వెల యింత, పన్ను ఇంత యని ప్రక్కప్రక్కన నుంచి చూపుట మఱియొకటి. దొరలు మొదటిదానిని ఆలకించి మఱచిరి, రెండవదానికి జవాబు చెప్పవలసివచ్చెను.

1853లో డాన్బీ సేమరు అను పార్లమెంటు సభ్యుడు ఈ దేశమునకు వచ్చెను. లక్ష్మీనరసు సెట్టి యాయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి, పన్నులు వసూలగు తీరును కన్నులార చూపెను. మఱుసటి సంవత్సరము పార్లమెంటులో చర్చ జరిగెను. దాని ఫలితముగా ఎలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురతో నొక విచారణ సంఘమేర్పడి, 1855లో తన నివేదిక నిచ్చెను. శిస్తు వసూలుకై జనులను హింసించు నాచారము మద్రాసు రాజధానిలో నిజముగా నున్నదని ఆ నివేదిక యంగీకరించెను. రెండు కఱ్ఱల నడుమ చేతివ్రేళ్లు పెట్టి నొక్కు 'కిట్టి', మనిషిని క్రిందికి వంచి మెడకును కాళ్లకును కట్టి నిలుపు శిక్ష, ఇవి తఱచు వాడుకలోనున్న పద్ధతులని యందు వ్రాయబడెను. హింసపడినవానికి న్యాయము దొరకుట మిక్కిలి కష్టముగా నున్నదనియు సంఘమువా రొప్పుకొనిరి.

ఆ నివేదికలోని హింసలనే తలచుకొని మనము నివ్వెఱపోవుదుము. దానివెనుక నున్న లెక్కల సంగతి కూడ చూడవలెను. బాకీ యింతయని చెప్పువాడును, ఇంకను చెల్లలేదని చెప్పువాడును, వసూలుచేయువాడును ఒక పక్షమువారే. రెండవ పక్షమువానిచేతిలో కాగితము లేదు. 'చెల్లించితిని' అన్న వాని మాటకు సాక్ష్యము లేదు. సాక్ష్యము లేనిచోట వాదన యుండదు. వాదన లేనిచోట కఱ్ఱ పనిచేయును.

ఇంతలో 1857 తిరుగుబాటు జరిగెను. దాని నణచుటకైన ఖర్చుతో హిందూదేశ ఖజానా అప్పులలో మునిగెను. అప్పులు తీర్చు మార్గము చూచుటకు జేమ్సు విల్సను అను నార్థికవేత్తను ఇంగ్లండునుండి పిలిపించిరి. ఆయన 1860 ఫిబ్రవరిలో తన ఆదాయవ్యయ పట్టికను కలకత్తాలో చదువుచు ఆదాయపుపన్నును ప్రతిపాదించెను. సాలుకు 200 రూపాయలు మొదలు 500 లోపు ఆదాయముగలవారు నూటికి 2 రూపాయలును, 500 మొదలు పైవారు నూటికి 4 రూపాయలును చెల్లింపవలెను. ఏర్పాటు ఐదేండ్లకు.

దీనిని గట్టిగా నెదిరించినవాడు మఱెవరోకాదు, అప్పటి మద్రాసు గవర్నరు సర్ చార్లెసు ట్రెవెల్యను. క్రొత్త పన్నులు వేయుటకంటె సైనికవ్యయము తగ్గించుట మేలని ఆయన వాదము. వాదించి యూరకుండక తన యభిప్రాయపత్రమును పత్రికలలో ప్రకటింపజేసెను. ఒక గవర్నరు పైప్రభుత్వమును బహిరంగముగా ధిక్కరించుట తగదని సీమదొరలు ఆయనను వెనుకకు పిలిపించిరి. విల్సను ఆ యాగస్టులోనే కలకత్తాలో జబ్బుచేసి మరణించెను. విధివిలాసమేమోగాని, ట్రెవెల్యనే తరువాత ఆర్థికసభ్యుడై కలకత్తాకు వచ్చెను. ఆయన కాలముననే 1865లో గడువు తీఱిన ఆదాయపుపన్ను ఆగిపోయెను. అంతకుముందే 1862లో 500 రూపాయలలోపువారిని ఆ పన్నునుండి విడిచిపెట్టియుండిరి. చిన్నవారి సంఖ్య పెద్దది, వారిచ్చు సొమ్ము చిన్నది. వసూలు శ్రమకు తగిన ఫలము లేదని తేలెను. ఆదాయపుపన్ను రాకతో మొహతర్ఫాకు మాత్రము కాలము చెల్లెను.

ఆదాయపుపన్నును జనులు ద్వేషించిరి. అది సహజమే. చరిత్రదృష్టితో చూచినచో నొక పెద్ద మార్పు దానితో వచ్చినది. మొహతర్ఫా గుమాస్తా 'నీకు మగ్గములెన్ని?' యని యడిగెను. ఆదాయపుపన్ను గుమాస్తా 'నీకు మిగిలినదెంత?' యని యడిగెను. ఈ రెండవ ప్రశ్నకు జవాబు మగ్గములో లేదు, ఆవర్జాలో నున్నది. అంతవఱకు వర్తకుని సొంతమైన పుస్తకము ఇప్పుడు సర్కారుముందు సాక్షియై నిలువవలసివచ్చెను.

వర్తకుడు జంకెను. ఆదాయము తక్కువని చూపినచో బజారున పరపతి పోవును; ఎక్కువని చూపినచో పన్ను పెరుగును. ఎవనికి బాకీయున్నాడో, ఎవడు తనకు బాకీయున్నాడో పరులకు తెలియుట వర్తకమునకే ముప్పని అతని భయము. ఈ భయమునుండి రెండు చిట్టాల దురాచారము బయలుదేఱెను. తనకొకటి, సర్కారునకొకటి. ఇది తెలివియని మురియువారు అప్పుడునుండిరి, ఇప్పుడునున్నారు. దొంగచిట్టా వ్రాసినవాడు తన సాక్షిని తానే చంపుకొనుచున్నాడని వారికి తోచదు. రేపు భాగస్వామితో తగవు వచ్చినను, బాకీదారుడు ఎగవేసినను, కొట్టు కాలిపోయి భీమాసొమ్ము కావలసినను ఏ పుస్తకమును న్యాయస్థానమునకు తీసికొనిపోవును?

1869లో మరల వచ్చి 1873లో మరల పోయి, తుదకు 1886లో ఆదాయపుపన్ను స్థిరముగా నాటుకొనెను. సేద్యపు ఆదాయమును విడిచిపెట్టి, 500 రూపాయలు మొదలు పన్ను విధించిరి. సాలుకు 2,000 రూపాయలును ఆపైని జీతమునుగల యుద్యోగి రూపాయికి 5 పైల చొప్పున చెల్లించెను. రూపాయికి 192 పైలు గనుక ఇది నూటికి రెండున్నర రూపాయలకు కొంచెము మించినది. పన్ను పడని పరిమితిని 1903లో 1,000 రూపాయలకును, 1919లో 2,000 రూపాయలకును పెంచిరి.

చిన్న వర్తకునికి నిజముగా నుపకరించిన మాట 1922 చట్టపు 13వ సెక్షనులో నున్నది. వర్తకుడు ఏ లెక్కల పద్ధతిని క్రమము తప్పక అనుసరించుచున్నాడో ఆ పద్ధతి ననుసరించియే అతని ఆదాయమును తేల్చవలెనని యా సెక్షను శాసించెను. క్రమమైన పద్ధతి లేకున్నను, ఉన్న లెక్కనుండి ఆదాయము తేలకున్నను అధికారి తనకు తోచిన ప్రాతిపదికమీద నిర్ణయింపవచ్చును. చూచితిరా, ఎంతటి భేదమో! పుస్తకమున్నవాని యింట అధికారి ఆ పుస్తకమునకు కట్టుబడవలెను. పుస్తకము లేనివాని యింట అధికారి యూహయే లెక్క. ఊహ యనగా మొహతర్ఫా మరల వచ్చినట్లే. 1961 చట్టమునను ఈ సూత్రమే నిలిచెను.

నైజాము రాష్ట్రపు తెలంగాణమున కథ వేఱొక త్రోవన నడచెను. 1853లో మొదటి సాలార్జంగు దివానగునప్పటికి జిల్లాల శిస్తువసూలు గుత్తకు పుచ్చుకొన్న తాలూక్దారులచేతిలో నుండెను. గుత్తదారుడు సర్కారున కింతయని మాటయిచ్చి, రైతునుండి పిండగలిగినంత పిండుకొనును. అతడు పుచ్చుకొన్నది సర్కారు పుస్తకములలో కనబడదు. సాలార్జంగు ఆ గుత్తలను తొలగించి, జీతములిచ్చి యధికారులను నియమించి, 1865లో జిల్లాబందీ యేర్పాటుచేసెను. సర్కారు లెక్క కొంత దారికివచ్చెను. గ్రామములలోని అప్పుల లెక్క మాత్రము రాలేదు. నాగు యను పేరుతో విత్తులకు, తిండికి గింజలు అప్పు తెచ్చుకొన్న రైతు పంటకాలమున హెచ్చుగింజలు కొలిచి యిచ్చెను. ఇచ్చినదెంత, మిగిలినదెంత యన్నది అప్పిచ్చినవాని పుస్తకములోనే యుండెను. తండ్రి తీర్చినదానిని కొడుకు మరల తీర్చిన సంసారములు మన పల్లెలలో నెన్నియో!

పుస్తకము సాక్షియే. కాని యొక చేతితో వ్రాసిన పుస్తకము ఎంతవఱకు సాక్షి? ఈ ప్రశ్నకు 1872 నాటి సాక్ష్యచట్టపు 34వ సెక్షను చక్కని సమాధానము చెప్పెను. వ్యాపారక్రమమున నియతముగా వ్రాయబడిన లెక్కపుస్తకములోని పద్దును న్యాయస్థానము చూడవచ్చును. అంతమాత్రముచేత, మఱియే యాధారమును లేకుండ, ఎవనినైనను బాకీదారునిగా తేల్చరాదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టములోను ఈ నియమము నట్లే నిలిపిరి. వెనుకటి మద్రాసు రాజధానిలో 1934 నాటి ఋణగ్రస్తుల సంరక్షణ చట్టము మఱియొక యడుగు ముందుకు వేసి, అప్పులిచ్చువారు లెక్కలు వ్రాయవలెననియు, చెల్లినదానికి రసీదు లియ్యవలెననియు విధించెను. లెక్క ఒక చేతి వ్రాత, రసీదు ఎదుటిచేతి వ్రాత. రెండును కలిసినప్పుడే నిజము నిలుచును.

1939లో రాజగోపాలాచారి మంత్రివర్గము మద్రాసు రాజధానిలో సామాన్య అమ్మకపు పన్నును ప్రవేశపెట్టెను. దేశమునం దట్టిది అదియే మొదటిది. ఇది లాభముమీది పన్నుగాక అమ్మకముమీది పన్ను గనుక, ఆదాయపుపన్ను నెన్నడు నెఱుగని వర్తకుడు సయితము బిల్లుపుస్తకము కొనవలసివచ్చెను. 1957 ఏప్రిల్ 1న అణాపైసలు పోయి రూపాయికి 100 నయాపైసలు వచ్చినప్పుడు చిట్టాలోని మూడు గడులు రెండయ్యెను. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చెను.

ఈ క్రొత్త పన్నులో పాత సమస్య యొకటి పొంచియున్నది. చిల్లర వర్తకుడు సరకు కొనునప్పుడు టోకు వర్తకునకు పన్నుతో సహా సొమ్మిచ్చును. తాను అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులోనుండి దానిని మినహాయించుకొనవచ్చును. ఏర్పాటు న్యాయమైనదే. అయితే టోకువాడు తాను పుచ్చుకొన్న పన్నును సర్కారునకు కట్టకపోయినను, ఆ బిల్లును తన లెక్కలో చూపకపోయినను, చిల్లరవాని మినహాయింపు చెల్లకపోవును. అతడు ఒకసారి యిచ్చిన సొమ్మును రెండవసారి యియ్యవలసివచ్చును. తండ్రి తీర్చిన బాకీ కొడుకు మరల తీర్చిన కథకును దీనికిని భేదమెంత? అందుచేత నేటి చిన్న వర్తకుడు తన పుస్తకము చక్కగా నున్నదని తృప్తిపడరాదు. తనకు సరకిచ్చువాని లెక్కయు నెలనెల చూచుకొనవలెను.

అమ్మకములలో నింతవంతని స్థూలముగా చెల్లించి, వివరమైన లెక్కల బాధ తప్పించుకొను మార్గములను చట్టములు చిన్నవారికి కల్పించినవి. అవి మంచివే, వీసబడివలె నెదుటివాడు వేసినవి గావు, వర్తకుడు తానై యెన్నుకొనునవి. సర్కారు లెక్క యడుగలేదని చిట్టా మానివేయుట మాత్రము తప్పు. చిట్టా పుట్టినది సర్కారుకొఱకు గాదు. రాత్రి పెట్టెలో 16 రూపాయలుండవలెనా, పదునైదున్నరయా యని తెలిసికొనుటకు పుట్టినది.

నేడు సొమ్ము ఫోనుమీద చేతులు మారుచున్నది. ఇచ్చినవానియొద్దను, పుచ్చుకొన్నవానియొద్దను ఆనవాలు తానుగా నిలుచుచున్నది. రాముడు తానీషాచేత వ్రాయించుకొన్న చీటి యీనాడు టీకొట్టువానికి సయితము క్షణములో దొరకుచున్నది. ఇది గొప్ప మేలు. దానితో నొక చిక్కును వచ్చినది. కొట్టు సొమ్మును, ఇంటి సొమ్మును, చుట్టమిచ్చిన చేబదులును ఒకే బ్యాంకుఖాతాలో పడుచున్నవి. ఏడాది చివర అధికారి యడిగినప్పుడు ఏది అమ్మకమో, ఏది చేబదులో చెప్పలేక వర్తకుడు తెల్లబోవుచున్నాడు. పూర్వపు వర్తకుని యింటిఖర్చు ఖాతా యితనికి లేదు.

తుదకు గోపన్నయొద్దకే వత్తము. ఆయన దొంగకాడు. తనకై యొక దమ్మిడీ యుంచుకొన్నట్లు శత్రువులును చెప్పలేదు. ఆయన చేసిన పొరపాటు, సర్కారు ఖాతాలోని సొమ్మును రాముని ఖాతాలో ఖర్చువ్రాయుట. రెండు ఖాతాలు కలిసినవి. పండ్రెండేండ్లు చెఱసాలలో గడిచినవని చెప్పుదురు. ఆయన పక్షమున బాకీ తీర్చి చీటి తెచ్చుటకు రాముడు వచ్చెను. మనలో చాలమంది పక్షమున అట్లు వచ్చువారుండరు. కనుక నేటి రాత్రి కొట్టు కట్టివేయుటకు ముందు ఇంటికి తీసినదానిని వేఱుగా వ్రాసి, ఇచ్చినదానికి చీటి పుచ్చుకొని, పెట్టెలోని సొమ్మును ఒకమాఱు లెక్కపెట్టుకొని మఱియు తాళము వేయుడు.